వాటా అడుగుదాం, మైత్రి విడవకుందాం



ఈ పాఠం వర్గీకరణ గురించి. "ఈ మాట మాత్రం విహారంలో ఎత్తొద్దు సార్, ఎత్తితే జనం చీలిపోతారు" అని చాలామంది ఉపాసకులు అంటారు. నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని పౌర్ణమి వందనకు పదిమంది కూర్చుంటే, అందులో మాల ఇండ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు, మాదిగ ఇండ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. త్రిశరణం, పంచశీల కలిసి చెప్తారు. బయటికొచ్చి చెప్పులు వేసుకునేటప్పుడు ఎవరి ఫోన్ వాళ్లు తీస్తారు, ఎవరి గ్రూపు వాళ్లు చూసుకుంటారు. ఆ గ్రూపుల్లో ఒకరి మీద ఒకరు ఏం రాసుకుంటున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. విహారంలో నోరు మూసుకున్నంత మాత్రాన తగువు ఆగలేదు, ఫోన్లోకి పోయి అక్కడ పెరుగుతోంది. కాబట్టి ధమ్మం ముందు కూర్చునే మాట్లాడుకుందాం.

1. జరిగింది ఏమిటి

ముందు సంగతులు సరిగ్గా తెలుసుకోవాలి. కోపం ఎక్కువ, సమాచారం తక్కువ ఉన్నచోట ధమ్మం నిలబడదు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైంది. ఎస్సీలకు ఉన్న 15 శాతంలో తమ జనాభాకు తగ్గ వాటా రావడం లేదన్నది వాళ్ల మాట. 1996లో ప్రభుత్వం జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ వేసింది. దాని ఆధారంగా ఎస్సీలను ఎ, బి, సి, డి అని నాలుగు గ్రూపులు చేసి, 2000లో చట్టం తెచ్చారు. మాల మహానాడు దాన్ని వ్యతిరేకించింది. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చిన్నయ్య కేసులో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఎస్సీలంతా ఒకే వర్గం, రాష్ట్రపతి జాబితాను రాష్ట్రాలు విడగొట్టకూడదు అని చెప్పింది.

ఇరవై ఏండ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. ఆరుగురు వర్గీకరణ చేయవచ్చన్నారు, జస్టిస్ బేలా త్రివేది ఒక్కరు కూడదన్నారు. అయితే ఆ ఆరుగురూ షరతులు పెట్టారు: లెక్కలు చూపాలి, మొత్తం వాటా ఒక్క కులానికే కట్టబెట్టకూడదు, కోర్టు పరిశీలనకు నిలబడాలి. ఆ తర్వాత మన రాష్ట్రంలో రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ వేశారు. 2025 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ వచ్చింది. రెల్లి తదితర 12 కులాలకు 1 శాతం, మాదిగ తదితర 18 కులాలకు 6.5 శాతం, మాల తదితర 29 కులాలకు 7.5 శాతం. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు, వాళ్ల చట్టం అమల్లోకి వచ్చింది.

ఇంకో సంగతి గమనించండి. ఆ ఏడుగురిలో వర్గీకరణను సమర్థించిన జస్టిస్ గవాయ్ మన బౌద్ధుడే. బాబాసాహెబ్ మనవడు ప్రకాష్ అంబేడ్కర్ ఆ తీర్పును వ్యతిరేకించారు. అంటే ఒకే గురువును చదివిన ఇద్దరు రెండు వైపులా నిలబడ్డారు. కాబట్టి "నా వైపు ఉన్నోడే అంబేడ్కరైట్, అవతలోడు ద్రోహి" అనే మాటకు ఆధారం లేదు.

2. రెండు పక్కలా ఉన్న నిజం

ఇప్పుడు రెండు గొంతులు వినండి. మీరు ఏ ఇంటి నుంచి వచ్చారో ఆ గొంతు మీకు ముందే తెలుసు. రెండోది శ్రద్ధగా వినండి.

ఒక గొంతు ఇలా అంటుంది: "అన్నా, మా నాయన డప్పు కొట్టినాడు, చెప్పులు కుట్టినాడు. మీ పేటకు బడి ముందొచ్చింది, మిషను ముందొచ్చింది. మా పేటకు వచ్చేసరికి ఉద్యోగాలు అయిపోయినాయి. మా జనమెంతో లెక్క తీసి, మా ముద్ద మాకు పెట్టమంటే తప్పా?"

రెండో గొంతు ఇలా అంటుంది: "తమ్ముడూ, మేమేమన్నా భూస్వాములమా? మా చిన్నాయన కూడా కూలికే పోతాండాడు. నాలుగు ఉద్యోగాలు వచ్చినాయని మమ్మల్ని దొంగలంటే ఎట్లా? అందరం ఒకటిగా ఉంటేనే మనల్ని చూసి భయపడతారు. ముక్కలు చేస్తే రేపు ఒక్కొక్కరినే తొక్కుతారు. లెక్కలు కూడా పాతవి."

ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది. మొదటి దాంట్లో ఆకలి ఉంది, రెండో దాంట్లో భయం ఉంది. ధమ్మం చదివినవాడిగా నాకు తోచేది దాచకుండా చెప్తాను. వెనక నిలబడినవాడు తన వాటా అడగడం అధర్మం కాదు. బాబాసాహెబ్ ఈ దేశంలోని అసమానతను మెట్ల అసమానత అన్నారు. ప్రతి మెట్టు మీద ఉన్నవాడికీ కింద ఇంకొకడు ఉంటాడు, అందుకే ఎవడూ మెట్లను పూర్తిగా పడగొట్టడానికి రాడు అని ఆయన బాధ. ఆ మెట్లు మనలోపల కూడా ఉన్నాయి. వాటిని చూపించినవాడి మీద కోపగించుకుంటే మెట్లు మాయమైపోవు. అలాగే తన భయం చెప్పుకునేవాడు కుట్రదారుడూ కాదు. లెక్క సరిగ్గా ఉందా, మిగిలిన పోస్టులు ఎటు పోతాయి అని అడిగే హక్కు అతనికి ఉంది.

వాటా ఎంత అన్నది లెక్కతో, చట్టంతో తేలాలి. ఆ తేల్చే దారిలో మనం ఒకరికొకరం ఏమవుతాం అన్నది ధమ్మం అడిగే ప్రశ్న.

3. రోహిణి ఒడ్డున

నీళ్ల తగువు అంటే ఏమిటో మన ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సుంకేసుల దగ్గర మొదలైన కేసీ కాలువ నంద్యాల మీదుగా కడప దాకా పోతుంది. తూము దగ్గరున్న కయ్యకు నీళ్లు పొంగిపొర్లుతాయి. ఆయకట్టు చివర ఉన్న కయ్య ఎండుతుంది. చివరి రైతు వచ్చి వంతు పెట్టమని అడిగితే కాలువను చీల్చమన్నట్టు కాదు. కాలువ ఒకటే ఉంటుంది, నీళ్లు పారే వంతు మారుతుంది.

ఇలాంటి తగువే 2500 ఏండ్ల కింద రోహిణి నది దగ్గర వచ్చింది. అటు కోలియులు, ఇటు శాక్యులు. ఎండాకాలం, పైరు వాడిపోతోంది, నీళ్లు ఇద్దరికీ చాలవు. పాత బౌద్ధ కథనాల్లో ఈ తగువు పెరిగిన తీరు చూడండి. మొదట కూలీల మధ్య మాటలు. తర్వాత చెయ్యి చేసుకున్నారు. ఆ తర్వాత నీళ్ల మాట పోయి పుట్టుక మాట వచ్చింది. మీ తాతలు ఇట్లాంటివాళ్లంటే మీ తాతలు అట్లాంటివాళ్లని వంశాల మీదికి పోయారు. చివరికి కత్తులు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు బుద్ధుడు వచ్చి అడిగింది ఒకటే: నీళ్ల విలువ ఎంత, మనుషుల విలువ ఎంత?

మన తగువు ఇప్పుడు ఏ దశలో ఉందో మీరే చూసుకోండి. వాటా మాట ఉన్నంతవరకు అది న్యాయమైన తగువే. "వాళ్ల బుద్ధే అంత", "వాళ్ల పుట్టుకే అంత" అన్న రోజున మనం రోహిణి ఒడ్డుకు చేరినట్టే. ఆ మాటలు మనకు నేర్పింది ఎవరు? మనల్ని ఊరి బయట పెట్టినవాళ్లే కదా. వాళ్లు మన తాతల మీద వాడిన మాటలనే మన తోటివాళ్ల మీద వాడుతున్నాం.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి ఈ రోహిణి తగువునే కారణంగా తీసుకున్నారు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి వెళ్లిపోయాడన్న కథను ఆయన ఒప్పుకోలేదు. శాక్య సంఘంలో సేనాపతి యుద్ధం చేద్దామని తీర్మానం పెడతాడు. సిద్ధార్థుడు లేచి వ్యతిరేకిస్తాడు. యుద్ధంతో ఏ సమస్యా తీరదు, ఒక యుద్ధం ఇంకో యుద్ధానికి విత్తనం వేస్తుంది అంటాడు. తప్పు మన వాళ్ల దగ్గర కూడా ఉందని విన్నాను అంటాడు. తన సంఘం మధ్యలో, తన వాళ్ల ముందు నిలబడి ఆ మాట అన్నాడు. తర్వాత ఒక దారి చూపిస్తాడు: మనం ఇద్దరిని ఎన్నుకుందాం, వాళ్లు ఇద్దరిని ఎన్నుకోవాలి, ఆ నలుగురూ ఐదో మనిషిని ఎన్నుకుని తగువు తేల్చాలి. సంఘం వినలేదు. మెజారిటీ యుద్ధం వైపే చెయ్యెత్తింది. ఆయన మాత్రం మాట మార్చుకోలేదు, దేశం విడిచి పోవడానికి సిద్ధపడ్డాడు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. మన వాళ్ల తప్పును మన వాళ్ల ముందే చెప్పాలి. అవతలివాళ్లను కూర్చోబెట్టి తేల్చుకునే దారి వెతకాలి. మంది ఎక్కువ ఉన్నారని తప్పుకు తల ఊపకూడదు.

4. కోసంబి నేర్పిన ఆరు ధర్మాలు

"రాజకీయ నాయకులు కొట్టుకుంటారు గాని బౌద్ధులం మనకెందుకు వస్తాయి తగువులు" అనుకోవద్దు. సాక్షాత్తు బుద్ధుడి భిక్షువులే కోసంబిలో రెండు ముక్కలయ్యారు. మరుగుదొడ్డి దగ్గర చెంబులో మిగిల్చిన నీళ్లతో అది మొదలైందంటారు. బుద్ధుడు సర్దిచెప్పినా వినలేదు. ఆయన వాళ్లను వదిలి ఒంటరిగా అడవికి పోయాడు. అప్పుడు ఉపాసకులు ఏం చేశారో తెలుసా? ఆ భిక్షువులకు దండం పెట్టడం మానేశారు, భిక్ష వేయడం మానేశారు. అప్పుడు గాని వాళ్లకు తెలివి రాలేదు. సంఘాన్ని చక్కదిద్దింది మీలాంటి మామూలు గృహస్థులు. కాబట్టి నాయకులు చూసుకుంటారులే అని చేతులు ముడుచుకోకండి.

ఆ కోసంబి తగువు సందర్భంగా బుద్ధుడు మనుషుల్ని కలిపి ఉంచే ఆరు ధర్మాలు చెప్పాడు. భిక్షువులకు చెప్పినా మన ఇళ్లకూ వర్తిస్తాయి. చేతల్లో మైత్రి. మాటల్లో మైత్రి. మనసులో మైత్రి. ధర్మంగా వచ్చిన లాభాన్ని, భిక్షాపాత్రలో పడిన ముద్ద వరకూ, పంచుకుని తినడం. అందరికీ ఒకే శీలం. అందరికీ ఒకే సమ్యక్ దృష్టి.

నాలుగోది మళ్లీ చదవండి. పంచుకోవడం మైత్రికి శత్రువు అని బుద్ధుడు అనలేదు. మైత్రిలో దాన్ని ఒక భాగంగా పెట్టాడు. "పంచితే ఐక్యత పోతుంది" అనేవాళ్లు ఈ నాలుగో ధర్మం చదవాలి. "నా వాటా నాకొచ్చింది, ఇక నువ్వెవరో నేనెవరో" అనేవాళ్లు మిగతా ఐదు చదవాలి.

5. "బౌద్ధులకు కులమేంటి?"

కొందరు ఉపాసకులు తెలివిగా తప్పించుకుంటారు. "మేం దీక్ష తీసుకున్నాం, మాకు కులం లేదు, ఈ గొడవ మాది కాదు" అంటారు. వినడానికి బాగుంటుంది. కాని జూన్ నెల రాగానే పిల్లల అడ్మిషన్ కోసం మీసేవ దగ్గర నిలబడతాం కదా?

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను కలిపారు. బౌద్ధులను కలిపింది 1990లో. అంటే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నవాళ్లు ఈ హక్కు కోసం 34 ఏండ్లు ఆగాల్సి వచ్చింది. ఆ పోరాటం వల్లనే ఈరోజు బౌద్ధుడైనా మన బిడ్డకు ఆ సర్టిఫికెట్ వస్తోంది. తీసుకోవడంలో సిగ్గు లేదు. ఆ సర్టిఫికెట్‌ను డాక్టర్ రాసిన మందు చీటీ లాగా చూడండి. చీటీ మీద జబ్బు పేరు ఉంటుంది, మందు పేరు ఉంటుంది. జబ్బు పేరును ఎవడూ తన పేరు చేసుకోడు, అట్లని చీటీ చించేయడు.

కాని లాభం తీసుకునేటప్పుడు కులం ఉండి, పంచే లెక్క వచ్చినప్పుడు కులం లేదంటే అది సమ్యక్ వాక్కు కాదు. చీటీ వాడుతున్నంతకాలం ఎవరికి జబ్బు ఎక్కువ ఉంది అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే.

పేరు చివర 'మాదిగ' అని ధైర్యంగా పెట్టుకున్న తరాన్ని మనం గౌరవించాలి. ఊరు తిట్టుగా వాడిన మాటను వాళ్లు తలెత్తుకునే మాటగా మార్చారు. అది సిగ్గు పోగొట్టే మెట్టు. అయితే మెట్టు ఉన్నది ఎక్కి పోవడానికి, దాని మీద ఇల్లు కట్టుకోవడానికి కాదు. మాల అన్న పేరు మీద గర్వపడేవాళ్లకూ ఇదే మాట.

6. నోటికి కాపలా

నంద్యాల 2022 దాకా కర్నూలు జిల్లాలోనిదే. ఆ జిల్లాలో గుత్తికి దగ్గరగా ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. అందులో పన్నెండోది నోటిని అదుపులో పెట్టుకోమని చెప్తుంది. తన వర్గాన్ని పొగుడుకుంటూ ఎదుటి వర్గాన్ని తక్కువ చేసేవాడు చివరికి తన వర్గానికే హాని చేస్తాడని దాని సారాంశం. మన రాతి మీద చెక్కిన మాట, మన ఫోన్లో కూడా చెక్కుకోవాలి.

గ్రూపులో ఏదైనా పంపే ముందు బుద్ధుడు చెప్పిన ఐదు పరీక్షలు పెట్టండి. ఇది సమయానికి తగిన మాటేనా? నిజమేనా? మృదువుగా ఉందా? ఎవరికైనా మేలు చేస్తుందా? మైత్రితో అంటున్నానా? ఐదింటిలో ఒక్కటి తప్పినా వేలు తీసేయండి. ఎవరో పంపిన ఉద్యోగాల లెక్క నిజమో కాదో తెలియకుండా ముందుకు తోయడం నాలుగో శీలానికి దెబ్బ. కాలాములకు బుద్ధుడు చెప్పింది అదే: విన్నామని నమ్మొద్దు, విచారించి చూడండి.

7. అసలు పరీక్ష మన గడప దగ్గర

ఇప్పుడు కష్టమైన మాట. ఐక్యత పోతోందని బాధపడుతున్నాం సరే, ఆ ఐక్యత మన ఇండ్లలో ఎంతుంది? మాల బౌద్ధుడి బిడ్డను మాదిగ బౌద్ధుడి ఇంటికి కోడలిగా పంపామా? ఆ ఇంటి పిల్లను తెచ్చుకున్నామా? కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలు మందు అని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. వేరే కులాలవాళ్లు మనల్ని చేసుకోవడం లేదని అడుగుతాం. మనలో మనం చేసుకోవడానికి ఎవరు అడ్డం? కేంద్రం ఇచ్చే కులాంతర వివాహ ప్రోత్సాహకం కూడా ఒకరు ఎస్సీ, ఇంకొకరు ఎస్సీ కానివారు అయితేనే వస్తుంది. మాల మాదిగ పెండ్లికి ఆ ప్రోత్సాహకం రాదు. ఇది మన చేతులతో మనం చేయాల్సిన పని.

ఇంకో పక్క కూడా చూడండి. మాల మాదిగల మాటల హోరులో రెల్లివాళ్ల గొంతు ఎవరికి వినిపించింది? డక్కలివాళ్లు మాదిగలతో పాటు రెండో గ్రూపులోనే ఉన్నారు. మాదిగల దగ్గర అడుక్కుని బతికిన వాళ్లు, వాళ్ల ముందు కూడా దూరంగా నిలబడినవాళ్లు. వాటా అడిగి గెలిచిన అన్నలు రేపు డక్కలి తమ్ముడు వచ్చి అడిగితే ఏం చెప్తారు? "మా వాటా" అన్న నోటితోనే "రా తమ్ముడూ, కూర్చో" అనగలిగితే అది ధమ్మం.

చివరిగా, కాలువ వంతుల గురించి కొట్లాడుతూ కాలువ ఎండిపోవడం మరిచిపోకూడదు. ప్రభుత్వ సంస్థ ప్రైవేటు చేతికి పోతే అందులో రిజర్వేషన్ కూడా పోతుంది. ప్రైవేటు కంపెనీ ఉద్యోగంలో 7.5 లేదు, 6.5 లేదు, 1 కూడా లేదు. ఆ పోరాటంలో మాల పక్కన మాదిగ, మాదిగ పక్కన రెల్లి నిలబడకపోతే, పంచుకోవడానికి ఏమీ మిగలదు.

మన తాతల్లో చాలామంది చెరువు కింద నీరుగట్టి పని చేశారు. సెంటు భూమి లేకపోయినా, ఎవరి కయ్యకు ఎంత నీళ్లు పోవాలో పార పట్టుకుని న్యాయంగా పారించారు. పరాయి పొలాలకే అంత న్యాయంగా పంచిన చేతుల వారసులం. మన వాటాలు మనం న్యాయంగా పంచుకోలేమా?

కలిసి చర్చించడానికి

(అ) అవతలి పక్షం వాదనను వాళ్లు "అవును, మా మాట అదే" అని ఒప్పుకునేట్టు మీరు చెప్పగలరా? విహారంలో ఒకరి పక్షం ఇంకొకరు చెప్పి చూడండి.

(ఆ) సిద్ధార్థుడు సూచించిన ఐదుగురి పద్ధతిని మీ పేటలోని ఏ తగువుకు వాడవచ్చు?

(ఇ) ఆరు ధర్మాల్లో మీ విహారంలో ఏది బలంగా ఉంది, ఏది బలహీనంగా ఉంది?

ఈ నెల అభ్యాసం

వచ్చే పౌర్ణమిలోపు, మీ కులం కాని ఒక బౌద్ధ కుటుంబాన్ని ఇంటికి పిలిచి కలిసి భోంచేయండి. వాళ్లు పిలిస్తే పిల్లలతో సహా వెళ్లండి. అక్కడ వర్గీకరణ మాట వస్తే రానివ్వండి. తిన్న పళ్లెం ముందు కూర్చుని మాట్లాడితే నోరు జారడం తక్కువ.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.